పక్కింటి బావి నడిచొచ్చిందట

మొన్న మే నెలలో ఓ పొద్దున ఆరున్నరకి మల్కాజిగిరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. మా ఇళ్లలో ఆ వేళప్పుడు ఫోన్ మోగిందంటే ఎవరో పోయారనే లెక్క. గుండె చిక్కబట్టుకుని ఎత్తాను.

"ఒరే నాన్నా, భూమి బ్లాక్ హోల్ దగ్గరికి జరిగిపోయిందటరా!"

"ఎవరన్నారు పెద్దమ్మా?"

"ఫోన్లో వీడియో వచ్చింది. రెండు వేల కాంతి సంవత్సరాలు దగ్గరికొచ్చేశామట. అదలా ఉంచు గానీ, ఆ నూట ఎనభై గజాల స్థలం ఈ నెల్లో రిజిస్ట్రేషన్ పెట్టించుకోవాలా, కాస్త ఆగమంటావా?"

నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే, ఆ వీడియో చూసినవాళ్లలో బుర్ర వాడింది మా పెద్దమ్మే. ప్రళయం నిజమైతే స్టాంపు డ్యూటీ దండగే కదా! వీడియో చేసినాయనకి మాత్రం ఆ అనుమానం రాలేదు. భూమి రోజులు దగ్గరపడ్డాయని చెప్పి, మర్చిపోకుండా సబ్‌స్క్రైబ్ చేసుకుని గంట గుర్తు నొక్కమన్నాడు. రెండో భాగం వచ్చే వారమట. మధ్యలో ఓ వెంచర్ వాళ్ల ప్రకటన కూడా వచ్చింది. ప్లాటు ధర పదిహేనేళ్ల పాటు సులభ వాయిదాల్లో కట్టుకోవచ్చట.

ఆ వీడియో నాకూ పంపింది. పైన ఎడమ పక్క భూగోళం, కుడి పక్క నిప్పులు కక్కే నారింజ రంగు వలయం, రెంటికీ మధ్య ఎర్ర బాణం, మూలన నోరు తెరిచి కళ్లప్పగించిన ఓ కుర్రాడు. ఆ వలయాన్ని చూడగానే గుర్తుపట్టాను. 2019 ఏప్రిల్ 10న శాస్త్రవేత్తలు లోకానికి చూపించిన మొట్టమొదటి బ్లాక్ హోల్ చిత్రం అది. ఎం87 అనే వేరే గెలాక్సీలో, మనకి ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది. వీడియోలో నేరం మోపింది మాత్రం మన పాలపుంత నడిబొడ్డున ఉన్న సాజిటేరియస్ ఏ-స్టార్ మీద. దాని చిత్రం కూడా 2022 మే 12న వచ్చింది. పాపం, కాస్త అలుక్కుపోయినట్టు ఉంటుంది, చూస్తే భయం వెయ్యదు. అందుకని దొంగతనం ఒకడి మీద రాసి, స్టేషన్ గోడకి వేరే జిల్లావాడి ఫొటో అంటించారు.

ఇక ఆ రెండు వేల కాంతి సంవత్సరాల సంగతి. ఇది పుట్టింది 2020 నవంబరులో, జపాన్‌లో. వేరా అనే పేరుతో అక్కడ నాలుగు చోట్ల నాలుగు రేడియో టెలిస్కోపులు పెట్టి, పాలపుంతలో ఏది ఎక్కడుందో, ఎటు కదులుతోందో ఏళ్ల తరబడి కొలిచారు. ఆ కొలతల ప్రకారం పాలపుంత కేంద్రం మనకి 25,800 కాంతి సంవత్సరాల దూరం. అంతకుముందు అంతర్జాతీయ ఖగోళ సంఘం 1985లో ఖాయం చేసుకున్న అంకె 27,700. తేడా 1,900. దాన్ని 2,000 చేసి, 'భూమి దగ్గరైంది' అని తగిలిస్తే వార్త తయార్.

మా ఊరివైపు ఈమధ్య భూముల రీసర్వే జరిగింది. తాతల నాడు గొలుసు పట్టి కొలిచిన పొలాలని డ్రోన్లతో, రోవర్లతో మళ్లీ కొలిచారు. కాగితం మీద ఎకరం ఉన్నాయనకి తొంభై ఆరు సెంట్లు తేలింది. గట్టు రాళ్ల దగ్గర అన్నదమ్ములు మాటలు మానేశారు. ఇన్ని గొడవల్లోనూ, 'కొలత మారింది కాబట్టి పక్కచేలో బావి రాత్రికి రాత్రి నాలుగు గజాలు మావైపు నడిచొచ్చింది' అని ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ పెట్టినవాడు ఒక్కడూ లేడు. కల్లు తాగొచ్చినవాడు కూడా ఆ మాట అనలేదు. నేల మీద అంత తెలివిగా ఉండే మనం ఆకాశం దగ్గరికొచ్చేసరికి బావులకి కాళ్లు మొలిపిస్తాం. జపాన్ వాళ్లు పాపం ఆ ప్రకటనలోనే కంగారు పడొద్దని, భూమి అటువైపు దూకడం లేదని, మెరుగుపడింది తమ కొలతేనని రాసుకున్నారు. ఆ వాక్యం దాకా చదివే ఓపిక ఎవరికుంది?

ఈ వ్యాపారంలో ఒక కిటుకుంది. బ్లాక్ హోల్ బరువెంతో చెబుతారు. నలభై లక్షల సూర్యుళ్లంత అనగానే గుండె గుభేలుమంటుంది. వేగం చెబుతారు, ఆకలి చెబుతారు. దూరం మాత్రం నోరు జారి కూడా చెప్పరు. రెండు వేలు తగ్గిందన్నవాడు ఇంకా ఇరవై ఐదు వేల ఎనిమిది వందలు మిగిలిందని ఎందుకనడు? అంటే మా పెద్దమ్మ ఫోన్ పక్కన పడేసి పప్పు నానబోసుకుంటుంది గనక. ఒకవేళ చెప్పాల్సొచ్చినా కాంతి సంవత్సరాల్లో చెబుతారు, అదేదో పంచాంగంలో సంవత్సరం పేరైనట్టు. ఒక కాంతి సంవత్సరమంటే సుమారు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. లక్షల కోట్లన్న మాట మనకి రాష్ట్రాల అప్పుల దగ్గర తప్ప ఇంకెక్కడా వినపడదు. అప్పులకే భయపడటం మానేసిన జనం కిలోమీటర్లకేం భయపడతారు!

అందుకని ఆ ఆదివారం మల్కాజిగిరి వెళ్లి, పెద్దమ్మ మనవడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి, డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. "పెద్దమ్మా, సూర్యుడికీ భూమికీ మధ్య పదిహేను కోట్ల కిలోమీటర్లు. అదంతా ఈ ఒక్క మిల్లీమీటరు అనుకో." ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. ఆ లెక్కన నెప్ట్యూన్ మూడు సెంటీమీటర్ల దగ్గరుంటుంది. 1977లో బయల్దేరిన వాయేజర్-1, మనిషి చేసిన వస్తువుల్లో అన్నిటికంటే దూరం పోయినది, సెకనుకి పదిహేడు కిలోమీటర్ల చొప్పున దాదాపు యాభై ఏళ్లుగా పరిగెత్తి పరిగెత్తి పదిహేడు సెంటీమీటర్ల దగ్గరుంది. టేబుల్ ఇంకా దిగలేదు. పెద్దమ్మ దాని ముందున్న ఆవకాయ జాడీ పక్కకి జరిపింది, దారివ్వడానికేమో.

"మరి ఆ బ్లాక్ హోల్ ఎక్కడరా? వంటింట్లోనా?"

ఇప్పటివరకూ మనకి తెలిసినవాటిలో అన్నిటికంటే దగ్గరిది గయా బీహెచ్1. 2022లో బయటపడింది, బరువు పది మంది సూర్యుళ్లంత, దూరం 1,560 కాంతి సంవత్సరాలు. ఈ స్కేలు మీద అది మల్కాజిగిరిలో లేదు, హైదరాబాదులోనే లేదు. దాదాపు వంద కిలోమీటర్ల అవతల, సిద్దిపేట దగ్గర ఎక్కడో ఉంటుంది. వీడియోలో మనల్ని మింగడానికి వస్తున్న సాజిటేరియస్ ఏ-స్టార్ కోసమైతే సికింద్రాబాదులో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణించి ఢిల్లీ పొలిమేరల్లో దిగాలి, సుమారు 1,630 కిలోమీటర్లు. దిగి, అక్కడ పట్టాల పక్కన ఒక సన్న ఇసుక రేణువుని వెతుక్కోవాలి. నలభై లక్షల సూర్యుళ్ల బరువున్న ఆ మహమ్మారి ఈ స్కేలు మీద అంతే. మిల్లీమీటరులో అయిదో వంతు కూడా లేదు.

అసలు ముచ్చట ఇంకోటుంది. ఆ ఇసుక రేణువు చుట్టూ ఎస్2 అని ఒక నక్షత్రం తిరుగుతోంది. పదహారేళ్లకోసారి దాని పక్కగా పోతుంది. 2018 మేలో పోయినప్పుడు ఎంత దగ్గరికెళ్లిందంటే, మన స్కేలు మీద పన్నెండు సెంటీమీటర్లు. జానెడు కూడా కాదు. సెకనుకి ఏడున్నర వేల కిలోమీటర్లకు పైగా వేగంతో చుట్టు తిరిగి, ప్రదక్షిణ పూర్తి చేసుకుని, క్షేమంగా తన దారిన తను వెళ్లిపోయింది. ఈ కదలికల్ని దశాబ్దాల తరబడి కనిపెట్టి చూసినందుకే శాస్త్రవేత్తలు గెంజెల్‌కీ, ఘెజ్‌కీ 2020 నోబెల్‌లో వాటా దక్కింది. జానెడు దూరంలో ఉన్నదాన్ని మింగలేదు. ఢిల్లీలో ఉన్న ఆ రేణువు ఎస్2ని వదిలేసి, మల్కాజిగిరిలో మా పెద్దమ్మ ప్లాటు మీద కన్నేసిందని వీడియో!

ఈ 'మింగడం' అన్న మాటే కొంప ముంచింది. కృష్ణబిలం అన్నా, కాలరంధ్రం అన్నా, బ్లాక్ హోల్ అన్నా మనకి గొయ్యి గుర్తొస్తుంది. లేకపోతే గాలిని లాగేసుకునే వాక్యూమ్ క్లీనర్ గుర్తొస్తుంది. నిజానికి బ్లాక్ హోల్ ఆకర్షణ దాని బరువు బట్టే ఉంటుంది, నోరు బట్టి ఉండదు. నమ్మకం లేకపోతే వరంగల్‌లోనో, గుంటూరులోనో జిన్నింగ్ మిల్లుకెళ్లి చూడండి. గది నిండా పరుచుకున్న దూదిని ప్రెస్సులో వేసి తొక్కితే నూట డెబ్బై కిలోల బేలు అవుతుంది. గదంతా ఖాళీ అయిపోతుంది గానీ కాటా మీద ముల్లు కదలదు. అలాగే సూర్యుణ్ని ఎవరైనా ప్రెస్సులో వేసి మూడు కిలోమీటర్ల వ్యాసార్ధానికి నొక్కేశారనుకుందాం. బ్లాక్ హోల్ అవుతాడు. భూమి మాత్రం అదే దారిలో, అదే వేగంతో, ఏడాదికో చుట్టు తిరుగుతూనే ఉంటుంది. చీకటికీ చలికీ మనం పోతాం, అది వేరే సంగతి. మింగబడి మాత్రం పోం. అసలు సూర్యుడికి ఆ యోగమే లేదు, అంత బరువు చాలదు. ఏ నక్షత్ర శవం ఎంత బరువు మించితే తన భారానికి తనే కుంగిపోతుందో 1930లో పంతొమ్మిదేళ్ల భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్ ఇంగ్లండు వెళ్లే ఓడలో కూర్చుని లెక్క కట్టాడు. భూమినే నొక్కాలంటే పిల్లలాడుకునే గోళీ అంత చెయ్యాలి. అంత ప్రెస్సు ఏ మిల్లులోనూ లేదు.

దిక్కూ దివాణం లేకుండా తిరిగే ఒంటరి బ్లాక్ హోళ్లు ఉండవా అంటే, ఉంటాయి. 2022లో ఒకటి తేలింది కూడా, అయిదు వేల కాంతి సంవత్సరాల అవతల. అలాంటిది నిజంగా మన సూర్యకుటుంబంలోకి వస్తే గ్రహాల దారులు చెదిరిపోతాయి, అందులో అబద్ధం లేదు. వచ్చే సూచన మాత్రం ఎక్కడా లేదు. ఇంకో పక్క, ఉందన్న బ్లాక్ హోలే లేకుండా పోయిన ముచ్చటా ఉంది. 2020 మేలో హెచ్‌ఆర్ 6819 అనే చోట, వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో, అన్నిటికంటే దగ్గరి బ్లాక్ హోల్ దొరికిందన్నారు. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ పరిశీలించి, అక్కడ బ్లాక్ హోల్ లేదు, రెండు నక్షత్రాలే ఉన్నాయని తేల్చారు. కనిపెట్టినవాళ్లలో కొందరు తమ తప్పు తామే ఒప్పుకుంటూ ఆ పత్రంలో చేరారు. 'ముంచుకొస్తున్న ముప్పు' అని వీడియో చేసినవాళ్లెవరైనా 'ముప్పు రద్దు' అని ఇంకోటి చేశారా? చూసినవాళ్లు చెప్పండి.

ఆకాశంలో దొరక్కపోతే భూగర్భంలో తయారు చేసుకుంటాం. 2008 సెప్టెంబరు గుర్తుందా? జెనీవా దగ్గర, ఫ్రాన్స్-స్విట్జర్లాండ్ సరిహద్దులో, నేలకి వంద మీటర్ల అడుగున, ఇరవై ఏడు కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో లార్జ్ హాడ్రన్ కొలైడర్. దాన్ని నడిపితే బుల్లి బ్లాక్ హోల్ పుట్టి భూమిని లోపల్నుంచి తినేస్తుందని పుకారు. సెప్టెంబరు 10న ముహూర్తం. మన చానళ్లు ప్రళయానికి గంటలు లెక్కపెట్టాయి. గుళ్లలో పూజలు జరిగాయి. అంతా బాగానే ఉంది గానీ, ఆ రోజు అక్కడ కణాలు ఢీకొట్టే కార్యక్రమమే లేదు. ప్రోటాన్ల పుంజాన్ని ముందు ఒక వైపు తిప్పి చూశారు, తర్వాత రెండో వైపు తిప్పి చూశారు, చప్పట్లు కొట్టి ఇళ్లకెళ్లారు. పెళ్లిచూపుల రోజే పురిటి కబురు చెప్పినట్టయింది మనవాళ్ల పని. తొమ్మిది రోజుల తర్వాత అయస్కాంతాల మధ్య ఒక అతుకు దెబ్బతిని, టన్నుల కొద్దీ హీలియం కారిపోయి, యంత్రమే ఏడాదికి పైగా మూలపడింది. ప్రళయం తేవాల్సిన యంత్రానికే ప్రళయం వచ్చింది. చివరికి 2010 మార్చి 30న భారీ శక్తితో కణాలు నిజంగా ఢీకొట్టుకున్నప్పుడు, భయపడాల్సిన అసలు రోజున, మనవాళ్లెవరూ లెక్కపెట్టిన గుర్తు లేదు.

ఆ యంత్రాన్ని ఆపించాలని హవాయిలో ఇద్దరు కోర్టుకెక్కారు. అందులో ఒకాయన్ని తర్వాత ఓ అమెరికన్ టీవీ హాస్య కార్యక్రమం వాళ్లు, ప్రమాదానికి అవకాశం ఎంతని అడిగారు. జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు, కాబట్టి సగానికి సగం అన్నాడాయన. ఈ లెక్కన మా పెద్దమ్మ రేపు ప్రపంచ సుందరి అయ్యే అవకాశం కూడా సగానికి సగం. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు ఆ యంత్రం చేసే గుద్దుళ్లకంటే గట్టివి భూమి పుట్టినప్పట్నుంచీ గాలిపొర మీద చేస్తూనే ఉన్నాయని, అలాంటి ప్రయోగాన్ని ప్రకృతి ఇక్కడ లక్షసార్లు చేసినంత లెక్కని ఆ యంత్రాన్ని నడిపే సెర్న్ సంస్థ నిపుణులు 2008లోనే నివేదిక ఇచ్చారు. వాళ్ల నివేదికకి నేపథ్య సంగీతం లేదు. కోర్టు కేసు కొట్టేసింది.

ఇక్కడ నవ్వు ఆపుతాను. ఆ రోజుల్లోనే మధ్యప్రదేశ్‌లో ఒక టీనేజి అమ్మాయి ఆ వార్తలు చూసి చూసి, భయం తట్టుకోలేక ప్రాణం తీసుకుందని కన్నతండ్రి చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. బ్లాక్ హోల్ వల్ల ఈ భూమ్మీద ఎవరైనా పోయారంటే నాకు తెలిసి ఆ పిల్లే. ఆ బ్లాక్ హోల్ జెనీవాలో లేదు, ఇంటి హాల్లో గోడకి ఉంది.

మనవాళ్లు ఎప్పుడూ ఇంతేనంటారా? నేనొప్పుకోను. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమితో ప్రళయమొస్తుందని దేశమంతా హోమాలు చేసింది, నిజమే. 1979 జూలైలో నాసా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందని తెలంగాణ పల్లెల్లో మేకల్నీ కోళ్లనీ కోసుకు తిన్నారని, అప్పులవాళ్లని రేపు రమ్మన్నారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ కథ మీద 2021లో సినిమా కూడా వచ్చింది. నేనైతే ఆ ఊళ్ల పక్షమే. స్కైలాబ్ నిజంగా ఉంది. డెబ్బై ఏడు టన్నుల ఇనుప సామాను, నాలుగొందల పైచిలుకు కిలోమీటర్ల ఎత్తులో తిరిగి తిరిగి, నిజంగానే కిందికొస్తోంది. ఎక్కడ పడుతుందో నాసాకే సరిగ్గా తెలియదు. ఆఖరికి హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. అలాంటి వేళ ఉన్న మేకని వండుకు తినడం మూఢనమ్మకం కాదు, ముందుచూపు. ఇప్పటివాళ్లు ఆ మేక కూడా తినకుండా, వీడియో ఇంకో పదిమందికి పంపి పడుకుంటున్నారు.

ఇంతకీ బ్లాక్ హోళ్ల సంగతి తెలుసుకోవాలంటే మనకి జపాన్ దాకా, జెనీవా దాకా పోవక్కర్లేదు. 2024 జనవరి 1న పొద్దున తొమ్మిది దాటాక శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ-సీ58 లేచింది. అది మోసుకెళ్లిన ఎక్స్‌పోశాట్ అనే ఉపగ్రహం పనుల్లో ఒకటి బ్లాక్ హోళ్ల చుట్టుపక్కల నుంచి వచ్చే ఎక్స్ కిరణాల్ని చదవడం. అందులో ఓ పరికరాన్ని చేసింది బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ. ఆ వేళకి మా ఇంట్లో టీవీలో కొత్త సంవత్సరం రాశిఫలాలు నడుస్తున్నాయి. ధనూరాశివారు ప్రయాణాల్లో జాగ్రత్తగా ఉండాలన్నారు. సాజిటేరియస్ ఏ-స్టార్ ఉన్నది ధనుస్సులోనే, కానీ దానికి ప్రయాణాలేం లేవు.

స్కేలు మళ్లీ జామెట్రీ బాక్సులో పెట్టేశాక, సాయంత్రం పెద్దమ్మ నన్ను ఆ స్థలం చూడ్డానికి తీసుకెళ్లింది. ఊరవతల, రాళ్లు పాతిన మైదానం. పడమట మబ్బు పట్టింది, దూరంగా ఉరుముతోంది. చినుకు మొదలవగానే బ్రోకరు, ఇంకో రెండు కుటుంబాలవాళ్లు పరిగెత్తుకెళ్లి ఆ మైదానం మొత్తానికి ఉన్న ఒక్క చింతచెట్టు కింద నిలబడ్డారు. పెద్దమ్మ కూడా అటే అడుగులేసింది. చెయ్యి పట్టుకుని లాగి కారులో కూర్చోబెట్టాను. అప్పుడు చూస్తే ఆవిడ ఫోన్లో పిడుగులు పడే సూచనలున్నాయని, చెట్ల కింద ఉండొద్దని మధ్యాహ్నమే వచ్చిన మెసేజీ తెరవకుండా ఉంది. దాని కింద బ్లాక్ హోల్ రెండో భాగం సగం చూసి ఆపి ఉంది.

అద్దం దించి చెట్టు కిందవాళ్లని కార్ల దగ్గరికి రమ్మని కేకేశాను. ఇద్దరొచ్చారు, మిగతావాళ్లు చెయ్యూపారు. ఈ దేశంలో పిడుగులు పడి ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. స్థలం రిజిస్ట్రేషన్ మాత్రం ఆ నెలలోనే చేయించాం.